విమానపు రెక్కకు గాలి ఊత: లెక్క సరిపోవునా?

ప్రయాణీకుల విమానము నేలకు దిగునపుడు కిటికీ నుండి చూచినచో, రెక్క వెనుక అంచున గల పలకలు వెనుకకు జరిగి క్రిందికి వంగుట కనబడును. ఇవియే ఫ్లాపులు. వేగము తగ్గినపుడు రెక్కను పైకెత్తు బలము తగ్గును. రెక్క వైశాల్యమును, వంపును పెంచి ఫ్లాపులు ఆ లోటును పూరించును. అయితే వీనిని జరుపుటకు పట్టాలు, మరలు, వానిపై తొడుగులు కావలెను. కొద్ది నిమిషముల పనికై ఈ బరువునంతను ప్రయాణము పొడవునా మోయవలసియున్నది.

ఫ్లాపును తలుపువలె కేవలము కీలుపై త్రిప్పరాదా? ఇంటిలో పంకా ఎంత వేగముగ తిరిగినను దాని రెక్కపై దుమ్ము నిలిచియుండుట విద్యార్థులు చూచియే యుందురు. ఉపరితలమును అంటియున్న గాలిపొర దాదాపు కదలకుండుటయే దీనికి కారణము. ఫ్లాపు ఎక్కువగా వంగినపుడు, శక్తి చాలని ఈ పొర ఉపరితలము నుండి విడిపోవును; పైకెత్తు బలము పడిపోవును. సన్నని రంధ్రముల గుండా గాలిని చిమ్మి ఈ పొరకు బలము చేకూర్చుటయే క్రియాశీల ప్రవాహ నియంత్రణము.

భావము క్రొత్తది కాదు. ప్రాంటల్ 1904 లోనే ఈ పొరను పీల్చివేసి, ప్రవాహము విడిపోకుండ చేయవచ్చునని చూపెను. 1954 లో తొలిసారి ఎగిరిన ఎఫ్-104 యుద్ధవిమానము ఇంజను గాలిని ఫ్లాపులపై చిమ్మెను. 1999 లో నాసాకై బోయింగ్ ఇంజనీర్లు వ్రాసిన నివేదిక దీనిని ప్రయాణ విమానమునకు అన్వయించినది. 737-700 విమానముతో పోల్చి, ఖాళీ విమానపు బరువు 3.3 శాతము, భాగముల సంఖ్య 2.9 శాతము తగ్గునని అంచనా వేసినది.

ఈ అంకెలు ఆకర్షణీయములే. కాని ఇవి రూపకల్పన అంచనాలు. ఎగిరి కొలిచిన ఫలితములు కావు. తరువాత నాసా సాధారణ కీలు ఫ్లాపులను వాయుసొరంగమున పరీక్షించినది. అవియు పదవ వంతు నమూనాపై జరిగినవే. పోలికకు ఎన్నుకొన్న విమానమును కూడ గమనింపవలెను. 737-700 ఫ్లాపులకు రెండేసి సందులున్నవి. 787, ఏ350 విమానములు గాలి చిమ్మకయే ఒక్క సందు ఫ్లాపులతో సరిపెట్టుకొనుచున్నవి. కనుక మిగులు లాభము తక్కువ.

గాలి ఎక్కడనుండి వచ్చును? దిగు సమయమున ఇంజనుల శక్తిని తగ్గింతురు. ఫ్లాపులకు గాలి ఎక్కువగా కావలసినదియు అప్పుడే. ఎఫ్-104 పైలట్లు నేల తాకువరకు ఇంజను శక్తిని నిలుపవలసివచ్చెను. పైగా 787 లో క్యాబినుకు సైతము ఇంజను గాలిని తీయుట మానివేసిరి. విద్యుత్తుతో గాలిని కుదించినచో, ఆ యంత్రముల బరువును లెక్కలో చేర్చవలెను.

అన్నింటికన్న ముఖ్యమైనది భద్రత. నేల దగ్గరపడిన వేళ ఒక రెక్కపై గాలి ఆగిపోయినచో విమానము ఆ ప్రక్కకు ఒరుగును. దీనిని నివారించుటకు జంట గొట్టములు, అదనపు కవాటములు పెట్టవలెను. అప్పుడు ఒక ద్వారమున పంపివేసిన చిక్కు వేరొక ద్వారమున లోనికి వచ్చును.

ఇంతమాత్రమున ఈ విద్య నిరర్థకమని కాదు. 2013 లో 757 విమానపు నిలువుతోకపై ఊగు గాలిచిమ్ములను వాయుసొరంగమున పరీక్షింపగా, ప్రక్కబలము 20 శాతమునకు మించి పెరిగెను. 2015 లో వానిని విమానముపై ఎగిరించి చూచిరి. తోకకు ఈ సాయము ముఖ్యముగ ఒక ఇంజను చెడినపుడే కావలెను. ఇంజను, గాలిచిమ్ము రెండును ఒకేసారి చెడుట అరుదు. రెక్కకో, ప్రతి దిగుటయందును కావలెను. కావున తోకపై అనుభవము గడించిన పిదప రెక్కకు వచ్చుట మేలు. తీసివేసిన మరలతోపాటు చేర్చిన గొట్టములను కూడ తూచి చూపిన నాడే ఈ పద్ధతి ప్రయాణీకుల నమ్మకమునకు పాత్రమగును.