ఐదు ముద్దల సిమెంటు

మూడు రోజులుగా మా బాత్రూము గుమ్మానికి అడ్డంగా ఇటుకలు కట్టి, లోపల నాలుగంగుళాల నీళ్లు నింపి ఉంచాం. నీటిమట్టం దగ్గర గోడ మీద మేస్త్రి పెన్సిల్‌తో ఒక గీత గీసి వెళ్లాడు. గంటకోసారి నేను వెళ్లి ఆ గీత చూసుకుని వస్తున్నాను. మా ఆవిడ దీనికి చెరువు తనిఖీ అని పేరు పెట్టింది.

కథ నెల కిందట మొదలైంది. పొద్దున్నే కింది ఫ్లాట్ ఆవిడ బెల్ కొట్టి, "అన్నయ్యగారూ, కాఫీ తాగాక ఒక్కసారి కిందికి వచ్చి వెళ్తారా?" అన్నారు. అంత మర్యాదగా పిలిచారంటే సంగతి పెద్దదేనని మా ఆవిడ అప్పుడే తేల్చేసింది. వెళ్లి చూస్తే వాళ్ల పూజగది గోడ మీద, సరిగ్గా వేంకటేశ్వరస్వామి పటం పైన, రంగు బొబ్బలెక్కి ఉంది. గోటితో గీరితే తెల్లటి ఉప్పు రాలింది. పైన ఏముందా అని లెక్కవేసుకున్నాను. మా బాత్రూము. అందులోనూ షవర్ ఉన్న గోడ. "అభిషేకమే కదండీ" అని నవ్వబోయి, ఆవిడ ముఖం చూసి మానుకున్నాను.

ఈ కాలమ్ చదివేవాళ్లకి షవర్ మీద నా అభిప్రాయం కొత్తగా చెప్పక్కర్లేదు. బకెట్టూ చెంబూ ఉన్న మనిషికి ఇంకేం కావాలని రాసినప్పుడల్లా "మళ్లీ మొదలెట్టారా" అని ఉత్తరాలు వస్తాయి. చెంబుతో పోసుకుంటే నీళ్లు ఒంటి మీంచి నేలకి జారతాయి. షవర్ అయితే సగం స్నానం గోడ చేస్తుంది. ఇన్నాళ్లకి చేతికి సాక్ష్యం దొరికిందని లోలోపల సంతోషించాననే ఒప్పుకోవాలి.

మర్నాడు మేస్త్రి వచ్చాడు. అమలాపురం వైపు మనిషి. వేలి కణుపుతో టైల్స్ మీద టకటకా కొట్టుకుంటూ పోయాడు, పుచ్చకాయ బేరం చేస్తున్నట్టు. అంచుల్లో గట్టిగా మోగింది, నడుమ నడుమ డొల్లగా మోగింది. ఉలి పెట్టి ఒక టైల్ లేపితే వెనక నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ఒకటి, మొత్తం ఐదు సిమెంటు ముద్దలు. మిగతాదంతా ఖాళీ. ఆ ఖాళీలో గోడ నల్లగా ఉంది, బూజు వాసన కొడుతోంది. ముందురోజు నుంచీ షవర్ కట్టేసినా చెయ్యి పెడితే తడి అంటింది.

"టైల్ నీళ్లు ఆపదా?" అన్నాను.

"టైల్ ఆపుద్దండి. సందు ఆపదు."

టైల్‌కీ టైల్‌కీ మధ్య నింపే గ్రౌట్ సిమెంటే కదా. రోజూ తడిసి, ఆరి, మళ్లీ తడిసి వెంట్రుకంత బీట తీస్తుంది. అందులోంచి దిగిన నీరు ఆ ముద్దల మధ్య నిలుస్తుంది. ప్లాస్టరింగ్ కొంత తాగుతుంది, ఇటుక కొంత తాగుతుంది, చివరికి దారి దొరికిన చోట బయటికొస్తుంది. అందుకే టైల్ వెయ్యకముందే గోడకి వాటర్‌ప్రూఫింగ్ పూత వెయ్యాలట. పూత అనగానే నాకు మా అమ్మమ్మగారి డాబా గుర్తుకొచ్చింది. ఇక మేస్త్రి ఉలి పని ఉలిది, నా ఉపన్యాసం నాది.

ఆ డాబా వేస్తున్నప్పుడు నాకు ఏడెనిమిదేళ్లుంటాయి. మద్రాస్ టెర్రస్ అనేవాళ్లు. టేకు దూలాల మీద సన్నటి ఇటుకలు అంచు మీద నిలబెట్టి ఐమూలగా పేర్చారు. పైన ఇటుక ముక్కలూ గానుగ సున్నమూ కలిపిన కాంక్రీటు. దొడ్లో గుండ్రటి గాడి తవ్వి, రాతి చక్రానికి ఎద్దుని కట్టి, పొద్దస్తమానం సున్నం నూరేవాళ్లు. ఒక కుండలో కరక్కాయలు నలగ్గొట్టి నానేశారు, ఇంకో కుండలో బెల్లం. రెండో రోజుకి పులిసిన వాసన. ఆ బెల్లం కుండ చుట్టూ చీమలు తిరిగేవి, మేమూ తిరిగేవాళ్లం. పైన ఆడవాళ్లు వరసగా గొంతుక్కూర్చుని, చేతిలో ఇమిడే కొయ్య చెక్కలతో కాంక్రీటుని కొట్టేవాళ్లు. మధ్య మధ్య ఆ కరక్కాయ నీళ్లు చిలకరించుకుంటూ, రోజుల తరబడి. చాలు, ఇక ఆపండి అని చెప్పేది గడియారం కాదు. కొట్టిన చెక్క వెనక్కి ఎగరాలి. ముసలి మేస్త్రి మూల కూర్చుని చుట్ట కాల్చుకుంటూ చప్పుడు వినేవాడు. మెత్తగా వినిపించిన చోట మళ్లీ కొట్టించేవాడు.

సున్నం గొప్పతనం ఇంకోటుంది. సన్నటి బీట పడితే, వాననీటికి తనే కాస్త కరిగి, ఆ బీటలోనే మళ్లీ గడ్డకట్టి దాన్ని పూడ్చుకుంటుంది. 1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్డిన్ అనే తాపీ మేస్త్రి పోర్ట్‌లండ్ సిమెంటుకి పేటెంటు తీసుకున్న రోజే లోకానికి తొందర పట్టుకుందని నా పాత సిద్ధాంతం. అదీ చెప్పాను.

మేస్త్రి అంతా విని, ఉలి పక్కన పెట్టి అడిగాడు. "ఆ ఇంట్లో స్నానాల గది ఎక్కడుండేదండి?"

"దొడ్లో. నూతి పక్కన తాటాకు దడి."

"నీళ్లెటు పోయేయండి?"

"అరటి చెట్లకి."

"మరి ఆటికింద ఎవరి పూజగదీ లేదు కదండి" అని మళ్లీ ఉలి అందుకున్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిజాయితీగా తవ్వుకుంటే ఇంకొకటి కూడా బయటపడింది. తుఫాను పట్టినప్పుడల్లా అమ్మమ్మ పడమటి గదిలో ఇత్తడి గంగాళం పెట్టేది, చుక్కలు పట్టడానికి. ఏటా ఎండాకాలం ఒక మనిషి వచ్చి డాబా మీద బీటలు పూడ్చి వెళ్లేవాడు. ఆ గంగాళాన్ని ఇన్నేళ్లూ నేను ఈ కాలమ్‌లోకి రానివ్వలేదు. మనవాళ్లు ఇంకొకరి నెత్తిమీద నిలబడి స్నానం చేసి ఎరగరు. ఒక్క స్లాబుకి అవతల కిందింటి దేవుణ్ని పెట్టుకుని రోజూ నీళ్లు కుమ్మరించే చిక్కు వాళ్లకి రానేలేదు.

పొద్దున్నే మా ఆవిడ పాత ఫైలు తెచ్చి ముందు పడేసింది. పదకొండేళ్ల కిందటి ఎస్టిమేటు. "వాటర్‌ప్రూఫింగ్, రెండు బాత్రూములు" అన్న వరస ఎర్ర ఇంకుతో కొట్టేసి ఉంది. దాని కింద అదే ఎర్ర ఇంకుతో "హైలైటర్ టైల్స్, తామరపూలు" అని రాసి ఉంది. దస్తూరీ నాదే. సిమెంటునీ షవర్నీ ఆస్ప్డిన్‌నీ వదిలేశాను.

పని మాత్రం చూడముచ్చటగా చేశాడు. ఇటుక కనిపించేదాకా చెక్కి, మళ్లీ ప్లాస్టరింగ్ చేసి, వారం తడిపాడు. పైపులు దూరే చోట్లూ, గోడా నేలా కలిసే మూలలూ ముందు పూడ్చి, సన్నటి నెట్ గుడ్డ అతికించాడు. తర్వాత డబ్బా విప్పాడు. ఏ కంపెనీదైనా మా వీధి షాపులో అది డాక్టర్ ఫిక్సిట్టే, వనస్పతి అంతా డాల్డా అయినట్టు. పొడినీ పాలలాంటి ద్రవాన్నీ కలిపి, తొలి పూత అడ్డంగా, ఆరాక రెండోది నిలువుగా. రెండోదాంట్లో చిటికెడు ఎర్రరంగు వేశాడు, బ్రష్ ఎక్కడ తప్పిందో కంటికి తెలియాలని. షవర్ గోడకి ఏడడుగుల ఎత్తు దాకా, మిగతా గోడలకి అడుగు. నహానీ ట్రాపుకి (మా ప్లంబరు దాన్ని నానీ ట్రాపు అంటాడు, సినిమా హీరో పేరనుకుంటా) బిరడా కొట్టి నీళ్లు పెట్టాడు.

"ఇది నేలకి పరీక్ష కదా, మరి గోడకి?" అని అడిగాను.

"గోడలో నీళ్లు నిలబెట్టలేం కదండి. గోడకి నా మాటేనండి" అన్నాడు.

ఈ ఉదయం నీళ్లు గీత దగ్గరే ఉన్నాయి. కింద చుక్క తడి లేదు. రేపటి నుంచి టైల్స్. పళ్ల తాపీతో గమ్ము గోడంతా పరిచి అతికిస్తాడట, ముద్దలు పెట్టడట. తామరపూల డిజైను ఆపేశారని షాపువాడు చెప్పాడు. అన్నీ తెల్లవే తెమ్మన్నాను. షవర్ ఉంటుంది, మా ఆవిడ మాట.

కింది ఆవిడ పూజగదికి రంగు నా ఖర్చు. గోడ లోపలిదాకా ఆరడానికి ఇంకో రెండు నెలలు పడుతుందట, అప్పటిదాకా రంగు వెయ్యొద్దన్నాడు మేస్త్రి. స్వామివారి పటం ప్రస్తుతం వాళ్ల హాల్లో, టీవీ పక్కన ఉంది.