హాస్యవంత అడిగిన ప్రశ్న

ఈ వారము మా కూడలిలో డెంగ్యూ జ్వరమును గూర్చిన ఫ్లెక్సీ యొకటి కంటబడినది. ఎర్రని నేలపై చేర్యాల బొమ్మలు. రాక్షసుడుండవలసిన చోట కోరలుగల దోమ. చింతగింజల అంబలియు, సుద్దయు, జిగురును పూసిన ఖాదీబట్టపై నకాశీలు చిత్రించిన పటమును, కూనపులివారో కాకిపడగలవారో ఒక్కొక్క గడిగా విప్పుచు కథ చెప్పవలసినదే గాని, అది గోడకు వ్రేలాడి తనంత తాను మాటలాడునది కాదు. కళను సర్కారు దండోరాకు గట్టివేయరాదని ఈ శీర్షికలో నేను పెట్టిన మొర పాఠకులకు కొత్త గాదు.

అయినను, బాల్యమున మా రచ్చబండ యొద్ద మశూచి టీకాలకై చెప్పిన బుర్రకథ యొకటి నన్ను వదలకున్నది. కథకుడు తంబుర మీటుచు, అందెలు మ్రోగించుచు టీకా మహిమను వర్ణించుచుండగా, డక్కీ వాయించు హాస్యవంత అడ్డు తగిలి, "అన్నా, అమ్మవారు పోస్తే వేపమండలు కట్టాలి గాని, సూది గుచ్చితే ఆ తల్లి ఊరుకుంటుందా?" అనెను. జనము గొల్లుమనిరి. రాజకీయవంత చొక్కా చేయి పైకి మడిచి తన టీకా మచ్చను లాంతరు వెలుగునకు చూపెను.

"నొప్పి పుట్టిందా?"

"పుట్టింది. జ్వరం కూడా వచ్చింది. ఇదిగో, బతికే ఉన్నాగా!"

జ్వరమును దాచక చెప్పినందుననే కాబోలు, టీకాల పేరెత్తినంతనే దొడ్డిదారి పట్టెడి మా అవ్వ మరునాడు చేయి చాచినది. ఊరి భయమును ఊరి యెదుటనే పలుకుట హాస్యవంత పని. ఆ సందేహము తనదని యెవ్వరును సిగ్గుపడ నక్కరలేదు. బెంగాలు కరవును బుర్రకథగా చెప్పిన షేక్ నాజర్ గారి కాలమునుండియు ఈ కళ కాలపు పనులు చేయుచునే యున్నది. దాని వలన దాని పరువు తగ్గలేదు. 1977లో దేశము మశూచివిముక్తమని ధ్రువపడుటకు టీకాయే కారణము గాని, చేతులు చాపించినవారిలో ఇట్టి దళములకును పాలు కలదు.

మొన్న ఆ ఫ్లెక్సీ క్రింద ఒక ఇల్లాలు, "మావి మంచినీళ్లే గదా, దోమలెందుకు పుడతాయి?" అని అడుగుచుండెను. డెంగ్యూ దోమ పగటిపూట కుట్టుననియు, నిలువయున్న మంచినీటనే గ్రుడ్లు పెట్టుననియు, వారము పదిదినములలో అవి దోమలగును గనుక వారమునకొకసారి తొట్టి ఆరబెట్టవలెననియు ఆమెకు చెప్పువాడు లేడు.

ఆరోగ్యశాఖవారికి నా మనవి: ఫ్లెక్సీల ధనమును కథకుల కిండు, హాస్యవంత ప్రశ్నలను మాత్రము దిద్దకుడు.