పన్నును కోసి, ఎముకను కాచి

జ్ఞానదంతం తీయించుకోవాలంటే గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ జంకే. చూపు పోతుందంటారు, దవడ వాచి వారం దాకా నోరు తెరుచుకోదంటారు. చూపు సంగతి వట్టి అపోహ. రెండోది మాత్రం ఊరికే పుట్టిన భయం కాదు. గత శతాబ్దం మధ్యలో బ్రిటన్‌లో పేరుమోసిన సర్జన్లే ఉలి, సుత్తి పట్టి దవడ ఎముకను చీల్చి ఈ పన్ను తీసేవారు. ఇవాళ భీమవరం విష్ణు డెంటల్ కాలేజీలోనో, రాజానగరంలోని జీఎస్ఎల్, లెనోరా కాలేజీల్లోనో ఓరల్ సర్జరీలో ఎండీఎస్ చేసేవాళ్లు మూడేళ్లపాటు నేర్చుకునే పని వేరు. ఎంత తక్కువ కోస్తే అంత పనిమంతుడని ఇక్కడ లెక్క.

సగం పని కత్తి పట్టకముందే అయిపోతుంది. కింది దవడ ఎముకలో ఒక కాలువ ఉంది. పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరం అందులోంచే పోతుంది. ఓపీజీ ఎక్స్‌రేలో కాలువ గట్టు తెల్లటి గీతలా కనిపిస్తుంది. పన్ను వేరు దగ్గర ఆ గీత తెగినా, వేరు మీద నల్లనీడ పడినా, కాలువ పక్కకి తిరిగినా డాక్టరు ఆగి ఆలోచిస్తాడు. ఈ గుర్తుల విలువను రూడ్, షెహాబ్ అనే ఇద్దరు 1990లో లెక్కగట్టి చూపించారు. అనుమానం తీరకపోతే సీబీసీటీ స్కాన్ ఉంది. వేరు ముందో నరం ముందో అది మూడు కోణాల్లో చూపిస్తుంది.

ఇక చేతిపని. అడ్రినలిన్ కలిపిన లిగ్నోకైన్‌తో దవడ మొద్దుబారుతుంది, నెత్తురూ తగ్గుతుంది. చిగురును బుగ్గ వైపు నుంచే తెరుస్తారు. నాలుక వైపు పరికరం పోనివ్వరు, అక్కడ చిగురు కిందే నాలుక నరం ఉంటుంది. డ్రిల్లుకు బిగించిన బర్ అనే మొనతో పన్ను చుట్టూ సన్నని గాడి తీస్తుంటే పక్కనుంచి సెలైన్ ధార ఆగకుండా పడాలి. 47 డిగ్రీల వేడి ఒక్క నిమిషం తగిలితే చాలు, ఎముక దెబ్బతింటుందని స్వీడన్ పరిశోధకులు 1983లో తేల్చారు.

అసలు నేర్పు ఆ తరవాతిది. ఇరుకు గుమ్మంలోంచి పందిరిమంచం బయటికి రావాలంటే గుమ్మం పగలగొట్టం, మంచం విప్పుతాం. ముందు పన్ను మీదికి వాలి ఇరుక్కున్న జ్ఞానదంతాన్నీ అలాగే విడదీస్తారు. బర్‌తో పన్నును అడ్డంగా కోస్తారు గానీ చివరిదాకా కోయరు. అవతలి వైపు పలచని పొర మిగిల్చి, ఆ చీలికలో ఎలివేటర్ అనే పరికరం పెట్టి మెల్లగా తిప్పితే పన్ను టక్కున విడిపోతుంది. బర్ అవతలికి దూసుకుపోయి నరాన్ని తాకే ప్రమాదం తప్పుతుంది. ముందు తలభాగం వస్తుంది. అది ఖాళీ చేసిన చోటులోకి ఒక్కో వేరునూ జరిపి తీస్తారు. ఆ పొర ఎంత మిగలాలో చేతికి తెలియాలి, ఏ పుస్తకమూ నేర్పలేదు.

పియెజో యంత్రమూ వచ్చింది. ఇటలీ డాక్టరు వెర్సెలొట్టి దీనికి ఆద్యుడు. సెకనుకు పాతిక వేలకు పైబడిన కంపనాలతో గట్టి ఎముకను కోస్తుంది, మెత్తని నరాన్ని దాదాపు వదిలేస్తుంది. కాకపోతే నెమ్మది. చెయ్యి తిరగని వాడికి యంత్రం ఇచ్చినా ఒరిగేది తక్కువని నా అభిప్రాయం.

నాకు అన్నిటికన్నా నచ్చింది కరోనెక్టమీ. వేళ్లు నరాన్ని పెనవేసుకుని ఉంటే తలభాగం మటుకే కోసి, పింగాణీ పొర రవ్వ కూడా మిగలకుండా నునుపు చేసి, వేళ్లను ఎముకలోనే వదిలి కుట్లు వేస్తారు. 1984 నుంచి ఉన్న పద్ధతి. వదిలిన వేళ్లు తరవాతి నెలల్లో చాలామందిలో కాస్త పైకి, నరానికి దూరంగా జరుగుతాయి.

తీయించుకున్నవాళ్లకు ఒక మాట. కొబ్బరినీళ్లు తాగండి, గ్లాసులో పోసుకుని. స్ట్రాతో పీల్చినా, చుట్ట కాల్చినా గుంతలో గడ్డకట్టిన నెత్తురు కదిలిపోవచ్చు. మూడోరోజుకి నొప్పి తగ్గాల్సింది పోయి పెరిగితే మాత్రల కొట్టుకి కాదు, తీసిన డాక్టరు దగ్గరికే వెళ్లండి.