కస్తూరి శివరావు హాస్యము: వాచికాభినయ పరిశీలన

హాస్యనటుని గూర్చి చెప్పవలసివచ్చినపుడు అతడు మిక్కిలి నవ్వించెనని మెచ్చుటతో మన పని తీరినదని తలంచుచున్నాము. ఆ నవ్వు ఏ అభినయమునుండి పుట్టినదని విచారించుట అరుదు. కస్తూరి శివరావు (1913-1966) విషయమున ఈ ప్రశ్నను వేయుటయే ఈ వ్యాసోద్దేశము.

కాకినాడకు చెందిన శివరావు తెరపై కనబడుటకు ముందు మూకీ చిత్రములకు వ్యాఖ్యాతగా ఉండెను. 1932లో ‘భక్త ప్రహ్లాద’ వచ్చువరకు తెలుగువారికి చిత్రమనగా మాటలేని చిత్రమే. బొమ్మ కదలును, పెదవి మెదలును, పలుకు వినబడదు. ఆ లోటును తీర్చువాడు వ్యాఖ్యాత. చతుర్విధాభినయములలో మూకీ నటునికి వాచికము లేదు. వ్యాఖ్యాతకు వాచికము తప్ప వేరొకటి లేదు.

ఈ విభజన మనకు బొత్తిగా క్రొత్త కాదు. దర్శి, పొదిలి సీమల పల్లెలలో తోలుబొమ్మలాట చూచినవారు కేతిగాని నెరుగుదురు. అందును బొమ్మ వేరు, గొంతు వేరు. బొమ్మ చేయుదానికి, గొంతు చెప్పుదానికి నడుమనుండు ఎడములోనే నవ్వు పుట్టును. శివరావు విద్యకు మూలము ఈ ఎడమేయని మా అభిప్రాయము.

ఆయనను పాశ్చాత్య మూకీ హాస్యనటులతో పోల్చుట కలదు. పోలికకంటె భేదమే ముఖ్యము. బస్టర్ కీటన్ బాల్యముననే తల్లిదండ్రులతో వాడెవిల్ రంగస్థల మెక్కి, 1917లో చిత్రములలో ప్రవేశించెను. అతని కళ ప్రధానముగా ఆంగికము. శివరావు దారి దీనికి విలోమము. ఆయన మూగబొమ్మను మాటద్వారమున చేరెను.

1939లో ‘వరవిక్రయము’తో ఆరంభమైన నటజీవితము 1948లో ‘బాలరాజు’ నాటికి ప్రసిద్ధి నందెను. 1949లో కె.వి. రెడ్డి తీసిన ‘గుణసుందరి కథ’లో హాస్యనటుడే కథానాయకుడయ్యెను. దైవాధీనము తొలుత అవిటివాడుగా కనబడును. శాపగ్రస్తుడైన రాజకుమారుడని తరువాత తెలియును. ఆ దేహమును చూచి నవ్విన ప్రేక్షకుడే, అతని మాట విన్నకొలది తన నవ్వును గూర్చి తానే సందేహించును. రూపమొకటి చెప్పగా పలుకు వేరొకటి చెప్పును. ఇది వ్యాఖ్యాత విద్యయే. ఇపుడు బొమ్మయు తానే, గొంతును తానే. హాస్యము ఇచట అంగరసముగా నిలువక కథను నడపుచున్నది.

అయినను ఈ విద్యకు అవధి కలదు. వ్యాఖ్యాత గొంతు జనసమూహము నుద్దేశించినది. ధ్వనిగ్రాహకమునకు మెల్లని మాట చాలును. ‘గుణసుందరి కథ’లోనే కాలమతిగా నటించిన రేలంగి వెంకటరామయ్య తరువాతి దశాబ్దమున హాస్యమునకు ప్రతినిధి యయ్యెను. శివరావు 1950లో ‘పరమానందయ్య శిష్యులు’ చిత్రమునకు దర్శకత్వము వహించెను. కాని 1949 నాటి వెలుగు మరల రాలేదు. దీనికి కారణములు పెక్కు ఉండవచ్చును. మారిన వాచికము అందొకటియని మేము తలంచుచున్నాము.

వ్యాఖ్యాత పలికిన పలుకు ఆ రాత్రి ఆటతోనే ముగియును, చిత్రము మిగులును. కావున శివరావు చిత్రములను చూచు పరిశోధకుడు అందలి నటుని మాత్రమే గాక, ఆ గొంతులో మిగిలియున్న లుప్తకళను గూడ వినవలసియున్నది.