కాలిన మట్టి పనితనం

యాంగోన్‌లో కుండీ మొక్కలు పెంచడం తేలిక కాదు. ఏడాదికి దాదాపు 2,700 మిల్లీమీటర్ల వాన, అదీ చాలామటుకు మే నుంచి అక్టోబరులోపే. అప్పుడు వేళ్లు కుళ్లుతాయి. ఏప్రిల్ ఎండలకు అదే కుండీ పొద్దున తడిపితే సాయంత్రానికి ఎండిపోతుంది. రెండు బాధలకూ ఒకటే మందు: కాలిన మట్టి ముక్కలు.

నది అవతల ఉన్న త్వాంటే ఊరి కుమ్మరుల కుండ పెంకులైనా సరే, ఇటుక ముక్కలైనా సరే. పచ్చి బంకమట్టి నీళ్లు తగిలితే బురదవుతుంది. ఆవంలో కాలాక కరగదు. దాని సన్నని రంధ్రాలు నీటిని పీల్చి దాచుకుంటాయి. మిగతా నీరు ముక్కల సందుల్లోంచి జారిపోతుంది, వేళ్లకు గాలి ఆడుతుంది.

ఈ ముక్కల్ని కుండీ మట్టిలో కలపడంలో ఉన్న నేర్పు నాకెంతో ఇష్టం. పెంకు మీద ముందు నీటిచుక్క వేసి చూడాలి. వెంటనే ఇంకితే పనికొస్తుంది. చుక్క నిలబడితే అది గ్లేజు పూసిన ముక్క, పక్కన పెట్టేయాలి. తర్వాత శనగగింజంత ముక్కలుగా కొట్టి జల్లెడ పట్టాలి. పొడి కలిసిందా, సందులన్నీ పూడుకుపోతాయి. ముక్కల్ని నానబెట్టకుండా వేస్తే మొక్కకు పోసిన నీళ్లు అవే తాగేస్తాయి! ఆర్కిడ్లకైతే బొగ్గూ ఇటుక ముక్కలూ చాలు, మట్టే అక్కర్లేదు. మొక్క పోయినా ముక్కలు పాడవవు. కడిగి, ఎండబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.