ముఖము చూచి బొట్టు పెట్టు యంత్రము

తరగతిలో హాజరుపట్టీ చదువునపుడు ఒకని పేరునకు మరియొకడు "ప్రెజెంట్ సార్" అని పలుకుట మన విద్యార్థులకు క్రొత్త విద్య కాదు. నేను చదువుకొన్న కాలేజీలో వెనుకబెంచీ మిత్రుడొకడు మూడు గొంతులతో మూడు పేర్లకు జవాబు చెప్పగల ప్రజ్ఞావంతుడు. లెక్కల మాష్టారు ఒకనాడు పట్టీ మీదనుండి తల యెత్తకుండగనే, "నీ పేరు ఇదివరకే పిలిచితిని గదా, ఇక కూర్చో" అనిరి. ఆయనవద్ద ఏ పరికరమును లేదు. ఏడాది పొడుగున విన్న గొంతులు మాత్రము ఉండినవి.

ఆన్‌లైన్ చదువులో ఈ సదుపాయము లేదు. ఒక్కొక్క పాఠ్యక్రమమున వేలకొలది విద్యార్థులుందురు. వారిలో ఒక్కని ముఖమునైనను గురువు ఎరుగడు. పాఠములు వినునది ఒకరు, పరీక్ష వ్రాయునది మరియొకరు అయినచో కనిపెట్టుట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానముగా వచ్చినదే బయోమెట్రిక్ పద్ధతి, అనగా దేహలక్షణములను కొలిచి మనిషిని గుర్తించుట. 2013లో కోర్సెరా సంస్థ తన విద్యార్థుల ఫొటోతో పాటు వారు టైపు చేయు తీరును కూడ కొలుచుట ప్రారంభించినది. ఒక్కొక్క మీటపై వ్రేలు ఎంతసేపు నిలుచును, ఒక మీటనుండి మరియొక మీటకు పోవుటకు ఎంత వ్యవధి పట్టును, అనునవి మనిషి మనిషికిని మారును. ఇది వింతగా తోచవచ్చును గాని, పూర్వము టెలిగ్రాఫు గుమాస్తాలు అవతలి తీగను మీటుచున్నది ఎవరో చప్పుడునుబట్టియే చెప్పగలిగెడివారు. 2020లో కోవిడ్ వలన బడులును, కాలేజీలును మూతపడగా, ఇంటివద్ద వ్రాయు పరీక్షలకు కెమెరా కావలి ప్రపంచమంతటను వ్యాపించినది.

ఈ పద్ధతిని ప్రశంసించువారు తరచుగా చెప్పునది, మనిషి పొరబడవచ్చును గాని యంత్రము పొరబడదని. ఈ మాటనే మనము పరీక్షింపవలసియున్నది.

యంత్రము చేయు పని ఏమి? మొదట విద్యార్థి ముఖమును ఫొటో తీసి, దానిని కొన్ని అంకెల వరుసగా మార్చి దాచుకొనును. పరీక్షనాడు కెమెరా ముందున్న ముఖమును అట్లే అంకెలుగా మార్చి, రెండు వరుసలను పోల్చును. ఒకే మనిషి రెండు ఫొటోలును సరిగ్గా ఒకే అంకెలనీయవు. వెలుతురు మారును, కళ్లజోడు వచ్చును, జ్వరము తగిలి ముఖము పీలగిలును. కావున యంత్రము "ఇతడే అతడు" అని ఎన్నడును చెప్పజాలదు. "ఇంత పోలిక ఉన్నది" అని మాత్రమే చెప్పును. ఎంత పోలిక ఉన్నచో లోనికి పంపవలెనో నిర్ణయించి హద్దు గీయువాడు మనిషియే. ఇది జల్లెడ వంటిది. కన్నులు చిన్నవైనచో నూకలు కూడ బియ్యములో నిలిచిపోవును. పెద్దవైనచో మంచి గింజలును జారిపోవును. హద్దు సడలించినచో అన్నకు బదులు తమ్ముడు కూర్చుండగలడు. బిగించినచో అన్ననే గెంటివేయును. రెండు తప్పులును ఒకేసారి పూర్తిగా పోగొట్టు జల్లెడను ఇంతవరకు ఎవ్వరును అల్లలేదు.

ఇప్పుడు నల్లబల్లపై ఒక లెక్క వేయుదము. అంకెలు ఊహకొరకే. పరీక్షకు 10,000 మంది కూర్చుండిరనుకొనుడు. వారిలో మోసగాండ్రు 20 మంది. యంత్రము చాల మంచిది: మోసగాండ్రలో నూటికి 95 మందిని పట్టును, నిజమైనవారిలో నూటికి ఒక్కనిని మాత్రమే పొరపాటున అనుమానించును. అపుడు పట్టుబడిన మోసగాండ్రు 19 మంది. నిజమైనవారు 9,980 మంది గావున అందులో నూటికొక్కరు చొప్పున సుమారు 100 మంది నిరపరాధులు అనుమానమునకు గురియగుదురు. అనగా యంత్రము వ్రేలు చూపిన 119 మందిలో 100 మంది ఏ పాపము ఎరుగనివారు! యంత్రము చెడ్డదగుటచేత ఇట్లు కాలేదు. దొంగలు కొద్దిమంది, దొరలు చాలమంది అగుటచేత ఇట్లయినది. ఈ లెక్కను పదవ తరగతి విద్యార్థి వేయగలడు. యంత్రమును కొనువారు వేసినట్లు తోచదు.

పరీక్షపొడుగున మాటిమాటికిని ముఖము సరిచూచు పద్ధతిలో చిక్కు ఇంకను పెరుగును. అరనిమిషమున కొకసారి చొప్పున మూడుగంటలలో 360 సార్లు సరిచూతురు. ఒక్కొక్కసారి పొరబాటునకు వేయింట ఒక పాలే అవకాశమున్నదనుకొనుడు. 360 సార్లలో ఒక్కసారియు పొరబడకుండుటకు గల అవకాశము 0.999ను 360 మారులు హెచ్చవేసినంత. అది సుమారు 0.70. అనగా పదిమందిలో ముగ్గురు ఏదో ఒక క్షణమున దొంగలుగా కనబడుదురు. అయితే ఈ లెక్కలో ఒక లోపమున్నది, దానిని దాచరాదు. ప్రతిసారియు జరుగు పొరపాటు వేరువేరని, పాచికలు విసరినట్లు ఎవరికైనను తగులవచ్చునని అనుకొంటిమి. నిజముగా అట్లు జరుగదు. మసక దీపము క్రింద కూర్చున్నవానికి మొదటిసారి తగిలిన పొరపాటే పదవసారియు తగులును. తప్పులు అందరికిని పంపిణీ గాక, కొందరిమీదనే కుప్పగా పడును. నా విమర్శయంతయు ఈ కుప్పనుగూర్చియే.

కోవిడ్ కాలమున నెదర్లాండ్సు దేశపు ఆమ్‌స్టర్‌డామ్‌లోని వ్రయె విశ్వవిద్యాలయమున జరిగినది చూడుడు. నల్లని చర్మముగల ఒక విద్యార్థినికి పరీక్షలో కూర్చున్నపుడు కెమెరా కావలి "ముఖము కనబడుటలేదు" అని చెప్పుచుండెను. ఆమె దీపము తెచ్చి తన ముఖముపైననే ప్రసరింపజేసికొని పరీక్ష వ్రాయవలసి వచ్చినది. గమనింపుడు, యంత్రమునకు ఇచ్చట ఎదురైన ప్రశ్న "ఈమె ఎవరు" అనునది కాదు. "ఇచ్చట ముఖమున్నదా" అనునది మాత్రమే. ఆమె ఆ దేశపు మానవహక్కుల సంస్థకు ఫిర్యాదు చేయగా, 2022 డిసెంబరులో ఆ సంస్థ, వివక్ష జరిగినదని అనుమానించుటకు తగిన ఆధారమున్నది, కాదని నిరూపింపవలసిన భారము విశ్వవిద్యాలయముదే అని పలికినది. 2023 అక్టోబరులో తుది నిర్ణయము వచ్చినది: ఈమె విషయమున వివక్ష జరుగలేదని విశ్వవిద్యాలయము చూపగలిగినది. తీర్పు విశ్వవిద్యాలయమునకు అనుకూలమైనను, దీనిలో మనము నేర్వవలసినది పోలేదు. ముఖముపై దీపము పెట్టుకొన్న పిల్లకు తనకు జరిగినది ఇతరులకును జరిగినదో లేదో తెలిసికొను దారి లేదు. లెక్కలన్నియు యంత్రము నడిపిన వారివద్దనే ఉండినవి.

అమెరికాలోని జాతీయ ప్రమాణముల సంస్థ 2019 డిసెంబరులో 189 ముఖగుర్తింపు పద్ధతులను పరీక్షించిన ఫలితములను ప్రకటించినది. పెక్కు పద్ధతులలో, ఇద్దరు వేరు మనుష్యులను ఒకరేయని పొరబడుట తెల్లవారి విషయమున కన్న ఆఫ్రికా, తూర్పు ఆసియా ప్రజల విషయమున 10 నుండి 100 రెట్లు అధికముగా ఉండెను. చైనాలో తయారైన కొన్ని పద్ధతులు మాత్రము తూర్పు ఆసియా ముఖములను బాగుగనే గుర్తించినవి. కారణము ఊహించుట కష్టము కాదు: ఎవరి ముఖములను ఎక్కువగా చూపి నేర్పితిమో వారినే యంత్రము బాగుగా నేర్చును. అన్ని పద్ధతులును ఇట్లు లేవనియు, మంచివాటిలో ఈ వ్యత్యాసము చాల స్వల్పమనియు ఆ నివేదికయే చెప్పినది. అయినచో మన కాలేజీ కొన్నది ఏ రకము? ముఖము చూచి బొట్టు పెట్టువారిని మన పెద్దలు నిందించిరి. ఇచ్చట బొట్టు పెట్టునది యంత్రమగుటచేత నింద ఎవరికిని తగులుటలేదు.

ముఖము వదలి వేలిముద్రకు పోదమన్నను కష్టము తీరదు. దేశములో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదున వెలసినది. నేడు దానికి అంబేద్కరు పేరు. బడికి పోవు వయస్సు దాటినవారికి, పగలు పని చేసికొని రాత్రి చదువువారికి అట్టి చదువు ఏర్పడినది. సిమెంటు కలుపు చేతులు, పత్తి ఏరు చేతులు, అంట్లు తోము చేతులు వేలిగీతలను అరగదీసికొనును. దూరవిద్య ఎవరికొరకు పుట్టినదో వారినే వేలిముద్ర యంత్రము ముందుగా త్రోసివేయు ప్రమాదమున్నది.

వేలిముద్రల చరిత్రలో ఒక సంగతి నాకు మరపురాదు. 1858లో బెంగాలులోని జంగీపూరులో విలియం హెర్షెల్ అను ఇంగ్లీషు అధికారి, రోడ్డుకు కంకర సరఫరా చేయుటకు ఒప్పుకొన్న రాజ్యధర్ కొనాయి చేత ఒడంబడికపై అరచేతి ముద్ర వేయించినాడు. ఆనాటికి ముద్రలను పోల్చి గుర్తించు శాస్త్రమే లేదు. సంతకము తనది కాదని రేపు బొంకకుండ కొనాయిని భయపెట్టుటయే తన ఉద్దేశమని హెర్షెలే తరువాత వ్రాసికొన్నాడు. అనగా ఈ విద్య మొదట పని చేసినది గుర్తింపువలన గాదు, భయమువలన. నేటి కెమెరా కావలిలోను ఆ భాగము తక్కువ కాదు. పరీక్ష వ్రాయుచు ఆలోచనలో పడి కిటికీవైపు చూచుట మన పిల్లలందరి అలవాటు. ఆ చూపును కూడ తప్పుగా వ్రాసికొను పద్ధతులున్నవి. భయము దొంగను, దొరను వేరుచేసి పట్టుకొనదు.

యంత్రము ఒక్కసారియు పొరబడలేదనియే అనుకొందము. అపుడైనను అది చెప్పినదేమి? కుర్చీలో కూర్చున్నది ఫలానావాడని. కెమెరాకు కనబడనిచోట నిలిచి జవాబులు అందించుచున్న బావమరిదినిగూర్చి దానికి తెలియదు. మనిషి గుర్తింపు వేరు, చదువు గుర్తింపు వేరు. 2017లో ప్రారంభమైన కేంద్రప్రభుత్వపు "స్వయం" పాఠములు ఇంటివద్దనే వినవచ్చును గాని, ధ్రువపత్రమునకు పరీక్షను కేంద్రమునకు పోయి, పర్యవేక్షకుని ఎదుట వ్రాయవలెను. ఇది పాత పద్ధతియే, ప్రయాణపు ఖర్చును కలదు. అయినను అనుమానము వచ్చినపుడు అచ్చట అడుగుటకు ఒక మనిషి ఉండును.

దాచుకొన్న అంకెల మాట ఒకటి మిగిలినది. సంకేతపదము దొంగిలింపబడినచో మార్చుకొందుము. వ్రేలిని మార్చుకొనలేము. 2015లో అమెరికా ప్రభుత్వపు ఉద్యోగుల కార్యాలయమునుండి 56 లక్షలమంది వేలిముద్రలు దొంగలపాలైనవి. అంతటి ప్రభుత్వమే కాపాడలేనిదానిని పరీక్షలు నడుపు చిన్న కంపెనీ కాపాడునని నమ్ముటకు ధైర్యము చాల కావలెను. ఇటలీలో 2021లో బొక్కోనీ విశ్వవిద్యాలయమునకు ఇట్టి కావలి పద్ధతి వాడినందుకు 2 లక్షల యూరోల జరిమానా పడినది. విద్యార్థులు ఒప్పుకొన్నారు గదా అను వాదము అచ్చట నిలువలేదు. ఒప్పుకొననిచో పరీక్షయే లేనపుడు అది ఒప్పుకోలు ఎట్లగును? మన దేశమున 2023లో వచ్చిన చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండనివారి వివరములు సేకరించుటకు తల్లిదండ్రుల సమ్మతి సాధారణముగా అవసరము. ఆ సమ్మతి పత్రముపై సంతకము చేయు తండ్రికి అందులో ఏమున్నదో చదివి చెప్పవలసిన పని ఉపాధ్యాయునిదే యగును.

యంత్రమును పూర్తిగా బహిష్కరింపుడని నేననను. వేలమందిలో నుండి ఎవరిని మరల ఒకసారి పలుకరింపవలెనో సూచించుటకు అది పనికివచ్చును. నిర్ణయము మాత్రము దానిది కారాదు. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపాఠశాలల ఉపాధ్యాయులు ఫోనుకు ముఖము చూపి హాజరు వేయవలసి వచ్చినపుడు స్వంత ఫోనుగూర్చి, సిగ్నలుగూర్చి గట్టిగా వాదించిరి. ఆ వాదములో పొరపాటు లెక్క అడిగినవారు తక్కువ. పిల్లల పరీక్షలకు ఇట్టి పరికరమును అమ్మజూపుచు ఎవరైనను మీ పాఠశాలకు వచ్చినచో అడుగుడు: హద్దు ఎచ్చట గీసితిరి? ఆ హద్దువద్ద నిజమైనవారిలో వేయింట ఎందరిని కాదనును? ఎవరి ముఖములపై పరీక్షించితిరి, మన ఊరి పిల్లలవంటివారు అందులో ఉన్నారా? కాదనిన పిల్లవాడు ఎవరితో మొరపెట్టుకొనవలెను, ఎంతసేపటిలో? పరీక్ష ముగిసిన ఎన్ని దినములకు ఆ అంకెలను చెరిపివేయుదురు? జవాబులు కాగితముపై వ్రాయించి, క్రింద సంతకము పెట్టించుడు.