జాలస్థలి పాఠం, ముద్రిత మాతృక: తెలుగు పరిశోధనలో ఆకరాల పరీక్ష

పిహెచ్.డి. కోర్సువర్కులో పరిశోధన పద్ధతులు బోధించేటప్పుడు, అంతర్జాల ఆకరాల ప్రస్తావన రాగానే సాధారణంగా ఒక ప్రశ్నావళి ముందుకు వస్తుంది. రచయిత ఎవరు, సమాచారం ఎంత తాజాది, వెనుక ఉన్న సంస్థ ఏది, దాని ప్రయోజనం ఏమిటి అన్నవి ఆ ప్రశ్నలు. కాలిఫోర్నియా రాష్ట్ర విశ్వవిద్యాలయం చికో ప్రాంగణంలోని గ్రంథపాలకులు రూపొందించిన పరీక్ష ఇటువంటివాటిలో ప్రసిద్ధమైనది. ఆరోగ్య సమస్యపైనో ప్రభుత్వ విధానంపైనో వ్యాసం రాసే విద్యార్థికి అది అక్కరకు వస్తుంది. వేమన పద్యానికి పాఠం వెదికే తెలుగు పరిశోధకునికి మాత్రం అడగవలసిన ప్రశ్నను అది అడగదు. పైగా తాజాదనం దాని దృష్టిలో గుణం. కావ్యపాఠం విషయంలో నిన్న ఎక్కించిన పుట కంటే నూరేళ్ల నాటి ముద్రణే నమ్మదగినది కావచ్చు.

ప్రశ్నావళి పద్ధతికి ఉన్న పరిమితిని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ చేసిన అధ్యయనం స్పష్టం చేసింది. అందులో 10 మంది పిహెచ్.డి. పట్టా ఉన్న చరిత్రకారులు, 10 మంది వృత్తిరీత్యా వాస్తవ నిర్ధారణ చేసేవారు, 25 మంది డిగ్రీ విద్యార్థులు పాల్గొన్నారు. చరిత్రకారులు, విద్యార్థులు తరచు తెరిచిన పుటలోనే ఉండిపోయి, అధికారికంగా కనబడే పేర్లను, చిహ్నాలను చూసి మోసపోయారు. వాస్తవ నిర్ధారకులు ఆ పుటను పూర్తిగా చదవకముందే వదలి, ఆ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో వేరే పుటల్లో చూశారు. ఈ పద్ధతిని పార్శ్వ పఠనం అనవచ్చు. పండితులైన చరిత్రకారులే పొరబడ్డారన్నది అధ్యాపకులు గమనించవలసిన అంశం.

అయితే పార్శ్వ పఠనం ఫలించాలంటే పక్కన స్వతంత్రమైన సాక్ష్యాలు ఉండాలి. ఇంగ్లీషులో చాలా విషయాలపై అవి ఉంటాయి. తెలుగులో అంతగా పేరు పొందని ఒక కవి గురించి వెదికితే పది పుటలు దొరికినా, జనన సంవత్సరం, రచనల జాబితా, ఆఖరికి అచ్చుతప్పు కూడా అన్నిటిలో ఒకటిగానే ఉండే అవకాశం ఎక్కువ. తెలుగు వికీపీడియా వ్యాసం నుంచి ఒక పత్రికా రచన పుడుతుంది. ఆ రచనే తర్వాత అదే వికీపీడియా వ్యాసానికి ఆధారంగా చేరుతుంది. అప్పుడవి పది సాక్ష్యాలు కావు, ఒకే సాక్ష్యానికి పది నకళ్లు.

ఈ చిక్కు తెలుగు పండితులకు కొత్తది కాదు. ఒకే మాతృక నుంచి ఎత్తి రాసిన తాళపత్ర ప్రతులు ఎన్ని ఉన్నా, పాఠనిర్ణయంలో వాటికి ఒక్క ప్రతి విలువే ఉంటుంది. ఏది దేనికి నకలో తరచుగా పట్టించేది ఉమ్మడి లేఖకదోషమే. జాలస్థలులకూ ఈ పరీక్షే వర్తిస్తుంది. విచిత్రమేమంటే, పాఠపరిష్కరణను ఒక పేపరుగా చదివి ఉత్తీర్ణుడైన విద్యార్థికి తెర ముందు కూర్చునేసరికి ఆ విద్య గుర్తుకు రాదు. విశ్వసనీయత జాలస్థలి పేరులో లేదు. అందులోని పుట తన మాతృకను చూపుతుందా, చూపిన మాతృకను పరిశోధకుడు చూశాడా అన్నదానిలో ఉంది. జాబితాలూ ఈ బాధ్యతను తీర్చలేవు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 మేలో తన ఆమోదిత పత్రికల జాబితా నుంచి 4,305 పత్రికలను తొలగించింది. ఆ తర్వాత వచ్చిన కేర్ జాబితానూ 2025లో పక్కన పెట్టింది.

బ్రౌన్ నిఘంటువు: ఒక ఉదాహరణ

చికాగో విశ్వవిద్యాలయపు దక్షిణాసియా డిజిటల్ గ్రంథాలయంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు ఉంది. సంస్థ పేరున్నది, అంకరూపం శ్రద్ధగా చేసినది. ప్రశ్నావళిలోని ప్రతి అంశంలోనూ దానికి పూర్తి మార్కులు పడతాయి. ఒక పరిశోధకుడు అందులో ఒక మాట చూసి, ఈ పదం 1852 నాటికే ఈ అర్థంలో వాడుకలో ఉందని, బ్రౌన్ నమోదు చేశారని రాశాడనుకుందాం. అక్కడే పొరపాటు జరిగే వీలుంది. బ్రౌన్ నిఘంటువు తొలి ముద్రణ 1852లో వచ్చిన మాట నిజమే. కాని ఆ జాలస్థలిలో ఉన్నది 1903లో మద్రాసులో వెలువడిన రెండవ ముద్రణ. బ్రౌన్ 1884లోనే మరణించారు. 1903 ప్రతిని సవరించి పెంచినవారు ఎం. వెంకటరత్నం, డబ్ల్యు. హెచ్. క్యాంబెల్, కందుకూరి వీరేశలింగం. కాబట్టి ఆ ఆరోపం బ్రౌన్‌ది కావచ్చు, అర్ధశతాబ్ది తర్వాత సవరణకర్తలు చేర్చినదీ కావచ్చు. 1852 ప్రతితో పోల్చి చూడనిదే అది తేలదు. పదచరిత్రపై రాసే సిద్ధాంత గ్రంథానికి యాభై ఏళ్ల తేడా చిన్న విషయం కాదు.

ఇందులో జాలస్థలి తప్పు లేదు. తన ముద్రణ వివరాలను అది దాచలేదు. దోషం ముఖపత్రం తెరవకుండా నేరుగా శోధన పెట్టెలో పదం కొట్టే అలవాటుది. ఆంధ్రభారతి నిఘంటుశోధనలోనూ ఈ జాగ్రత్త అవసరం. అనేక నిఘంటువుల ఫలితాలు అక్కడ ఒకే తెరపై కనబడతాయి. ఏ అర్థం ఏ నిఘంటువుదో పేరుతో సహా చూపుతారు. ఆ పేరును వదిలేసి పాదసూచికలో ఆంధ్రభారతి అని మాత్రమే రాస్తే, గ్రంథాన్ని కాక గ్రంథాలయాన్ని ఉదహరించినట్లవుతుంది. శబ్దరత్నాకరం ప్రామాణ్యం వేరు, ఆధునిక పదకోశం ప్రామాణ్యం వేరు.

కన్యాశుల్కం విషయంలో ఇటువంటి పొరపాటుకు మరింత ఆస్కారం ఉంది. నాటకం 1897లో అచ్చయింది. గురజాడ దాన్ని బాగా పెంచి, తిరగరాసి 1909లో రెండవ కూర్పుగా ప్రకటించారు. సాధారణంగా ప్రచారంలో ఉన్నది ఈ రెండవ కూర్పే. జాలంలో దొరికిన సంభాషణను ఉదహరించి, దాన్ని పందొమ్మిదో శతాబ్దపు వ్యావహారిక భాషకు నిదర్శనంగా చూపితే వాదం పునాదే కదులుతుంది.

యంత్రం చదివిన అక్షరం

బొమ్మల రూపంలోని పుటలను యంత్రం పాఠంగా మార్చినప్పుడు పోలిక గల అక్షరాలు తారుమారు కావడం తెలిసిందే. అంతకంటె సూక్ష్మమైన నష్టం మనుషులు టైపు చేసిన పాఠాల్లో జరుగుతుంది. అరసున్నలు రాలిపోతాయి, శకటరేఫ సాధురేఫగా మారుతుంది. చదువరికి ఇబ్బంది ఉండదు కాని, ఛందస్సుపైనో వర్ణక్రమ పరిణామంపైనో పనిచేసేవారికి అటువంటి పాఠం నిరుపయోగం. ఈ విషయంలో తెలుగు వికీసోర్స్ పాటించే పద్ధతి గమనార్హం. అక్కడ పుట బొమ్మ, దాని పాఠం పక్కపక్కనే ఉంటాయి. అచ్చుదిద్దని పుటకు ఎరుపు, ఒకసారి దిద్దినదానికి పసుపు, మరొకరు సరిచూసినదానికి ఆకుపచ్చ గుర్తు ఉంటుంది. ఎవరైనా మార్చగల జాలస్థలి కనుక నమ్మరాదని కొట్టిపారేసే పర్యవేక్షకులు ఉన్నారు. తన పాఠం ఏ దశలో ఉందో పుటపుటకూ చెప్పే ఆకరం, ఏమీ చెప్పని ప్రసిద్ధ సంస్థ పుట కంటే పరిశోధనకు మేలు.

దొరకనివి

అన్నిటికంటె తీవ్రమైన ప్రమాదం దొరికినవాటిలో కాక, దొరకనివాటిలో ఉంది. 2009 నాటి యు.జి.సి. నిబంధనల తర్వాత సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులు ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహించే శోధగంగలో చేరుతూ వచ్చాయి. కాని అను, శ్రీలిపి వంటి పాత ఖతులతో కూర్చిన తెలుగు ఫైళ్లు కంటికి తెలుగుగా కనిపించినా, యంత్రానికి తెలుగు కావు. యూనికోడ్‌లో కొట్టిన తెలుగు పదం వాటిలో తగలదు. బొమ్మలుగా స్కాన్ చేసినవాటి సంగతీ అంతే. భారత డిజిటల్ గ్రంథాలయం నుంచి ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరిన తెలుగు పుస్తకాల పేర్లు చాలావరకు నిలకడ లేని రోమన్ వర్ణక్రమంలో ఉన్నాయి. ఒకే పుస్తకం రెండు మూడు రూపాల్లో ఉండవచ్చు. తెలుగు లిపిలో వెదికినవారికి ఒక్కటీ కనబడకపోవచ్చు.

సిద్ధాంత గ్రంథాల తొలి అధ్యాయంలో తరచు కనిపించే వాక్యం, ఈ అంశంపై ఇంతవరకు పరిశోధన జరగలేదన్నది. ఒకప్పుడు ఆ మాట రాయడానికి నాలుగైదు విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలు తిరగవలసి వచ్చేది. ఇప్పుడు శోధన యంత్రం ఏమీ చూపకపోవడమే అందుకు చాలుతున్నది. నకలు ఎంత శాతం ఉందో లెక్కించే సాఫ్ట్‌వేర్ ఈ వాక్యాన్ని పట్టలేదు. అది అబద్ధమైనా, ఎవరి నుంచీ ఎత్తి రాసినది కాదు గనుక. దాన్ని పట్టగలిగేది పర్యవేక్షకుడు అడిగే ప్రశ్నలే: ఏ భాండాగారంలో వెదికారు, ఏ లిపిలో, ఎన్ని వర్ణక్రమాలతో, ఏ తేదీన, ఆ విశ్వవిద్యాలయ తెలుగు శాఖలో పాత సిద్ధాంత గ్రంథాల రిజిస్టరు చూశారా, లేదా?